రేడియోకును కంప్యూటరునకును నడుచు సంభాషణను వినుట

విద్యార్థులారా! ఇరువురు మనకు తెలియని భాషలో మాటలాడుకొనుచుండగా, మనము నడుమ దూరక శ్రద్ధగా వినినచో కొంతకాలమునకు ఆ భాష పట్టువడును. చేతిరేడియోకును దానిని సవరించు ప్రోగ్రామునకును నడుచు సంభాషణను తెలిసికొనుటయు ఇట్టిదే. ఆ విధమును ఈ పాఠమున వివరింతుము.

బావోఫెంగ్ యు.వి. 5 ఆర్ అను చేతిరేడియో 2012వ సంవత్సరమున వెలువడినది. అందు 128 స్మృతిగదులు గలవు. మీటలు నొక్కి వీనినన్నిటిని ఫ్రీక్వెన్సీలతో నింపుట విసుగు పుట్టించు పని. కావున రేడియోను తీగతో కంప్యూటరునకు తగిలించి, విండోసుపై నడచు ప్రోగ్రాముచే నింపుదురు. ఇట్టి ప్రోగ్రాములు రేడియోతో ఏమి పలుకునో తయారుచేయువారు సాధారణముగా వెల్లడింపరు. విండోసు మాఱి ఆ ప్రోగ్రాము నడువని నాడు, చక్కని రేడియోను సవరించుకొను దారి మూసికొనిపోవును. అందుచేతనే ఈ భాషను నేర్వవలసి వచ్చినది.

ఒక కంప్యూటరులోపల మఱియొక కంప్యూటరు ఉన్నట్లు ప్రోగ్రాముచే కల్పించిన దానిని వర్చువల్ మెషీన్ అందురు. పెద్ద యింటిలో ఒక గది అద్దెకిచ్చితిమనుకొనుడు. అద్దెకున్నవానికి వచ్చు జాబులన్నియు వీధివాకిలి దాటియే రావలెను గదా! మన ప్రయోగమున ఇల్లు లినక్సు. లోపలి గది విండోసు. రేడియో తీగను విండోసునకు అప్పగించినను, ప్రతి బైటును లినక్సు వాకిలి దాటియే పోవును. ఆ వాకిట యు.ఎస్.బి.మాన్ అను భాగమును వైర్‌షార్క్ అను ప్రోగ్రామును కూర్చుండి, వచ్చిపోవు బైట్లను వరుసగా వ్రాసిపెట్టును. లోపలి ప్రోగ్రామునకు దీనివలన ఏ అడ్డియు లేదు.

ఇక వినవచ్చునదేమి? మొదట ప్రోగ్రాము 7 బైట్ల పిలుపు పంపును. రేడియో 06 అను ఒక్క బైటుతో "ఊ" కొట్టును. కొన్ని కుశలప్రశ్నల పిమ్మట ప్రోగ్రాము "ఎస్" అను అక్షరమును, స్మృతిలోని చోటును, కావలసిన బైట్ల లెక్కను పంపును. రేడియో "ఎక్స్" అను అక్షరముతో మొదలిడి ఆ బైట్లను అప్పగించును.

అర్థము కనుగొను ఉపాయమొకటి కలదు: ఒక్కసారికి ఒక్క విషయమునే మార్చవలెను. మొదటి గదిలో 145.500 మెగాహెర్ట్జులు ఉంచి వ్రాయగా, "00 00 55 14" అని కనబడును. 145.525గా మార్చి మరల వ్రాయగా, "00 25 55 14" అగును. జంటలను కడనుండి చదువుడు: 14 55 25 00. అనగా 10 హెర్ట్జుల లెక్కలో 1,45,52,500. రహస్యము విడిపోయినది! ఈ నాలుగు బైట్లు రెండుమారులు కనబడుటకు కారణము, వినుటకొకటి, పలుకుటకొకటి యుండుటయే.

ఒక హెచ్చరిక. మేము ఎరవు తెచ్చిన మఱియొక రేడియోలో, ముందున్న స్మృతిని దాచుకొనకయే, వేఱొక రేడియోనుండి తీసిన ప్రతిని వ్రాసితిమి. అది మూగవోయెను. వర్చువల్ మెషీనునకు స్నాప్‌షాట్ అను సాధనము గలదు. దానిచే లోపలి యంత్రమును పూర్వస్థితికి తేగలిగితిమి గాని, రేడియోను తేలేకపోతిమి. యజమానునియొద్ద తప్పు ఒప్పుకొని, క్రొత్తది కొని యిచ్చితిమి. కావున ముందు చదువుడు, ప్రతిని దాచుడు, పిమ్మటనే వ్రాయుడు. లైసెన్సు లేక ప్రసారము చేయకుడు.

2008లో ఆరంభమైన చర్ప్ అను ఉచిత ప్రోగ్రాము నేడు పెక్కు సంస్థల రేడియోలతో మాటలాడగలుగుచున్నది. పలువురు ఓర్పుతో విని, తాము నేర్చినదానిని దాచుకొనక పదిమందికి పంచుటయే అందులకు కారణము. మీరును అట్లే వినుడు; వినినదానిని పంచుడు.