రేకుల కొట్టము చెమర్చుట - పనిముట్ల రక్షణము

సహకార సంఘము పనిముట్లను కొని సభ్యులకు అద్దెకిచ్చుట మేలైన యేర్పాటు. విత్తన గొర్రులు, మందు చల్లు యంత్రములు, ట్రాక్టరు నాగళ్లు మున్నగు వానిని విడిగా కొనజాలని చిన్న రైతునకు ఉమ్మడి కొట్టమే ఆధారము. అయితే వాన కురిసి నేల పదునెక్కిన దినమున కొట్టము తలుపు తీయగా, గొర్రు చక్రములు త్రుప్పుపట్టి బిగిసియుండినచో, వానిని సరిచేయులోపల పదును ఆరిపోవును. ఆ నష్టమును ఏ అద్దె తగ్గింపును తీర్చజాలదు. కావున ఆ త్రుప్పునకు మూలమైన చెమ్మను గూర్చి ఈ పాఠమున విచారింతము.

1. కారు నీరెల్ల వాన నీరు కాదు

మేమెఱిగిన యొక కొట్టమున పుష్యమాసమందు తెల్లవారుజామున రేకులనుండి నీటి బొట్లు రాలుచుండెను. వాన చుక్క లేదు. మేకుల రంధ్రములే కారణమని తలచి సభ్యులు రెండు పర్యాయములు తారు పూయించిరి. పని సరిగా చేయలేదని పనివానిని నిందించిరి. సొమ్ము పోయినది గాని బొట్లు నిలువలేదు. ఆ నీరు వెలుపలినుండి కారినది కాదు, కొట్టములోని గాలినుండి పుట్టినది.

ఉడుకుచున్న అన్నపు గిన్నెపై మూత తీసి చూడుడు. మూత యడుగున నీటి బిందువులుండును. మూత చిల్లిపడినదని ఎవరును అనరు గదా! రేకుల కప్పును అట్టి మూతయే.

వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని, చల్లని గాలి తక్కువ ఆవిరిని ఇముడ్చుకొనును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటియావిరి పట్టును. 18 డిగ్రీల వద్ద 15 గ్రాములకు కొంచెము మించి మాత్రమే పట్టును. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిమిని ఆకాశమునకు వెలార్చి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. దానిని తాకిన గాలి తనలో ఇమడని యావిరిని నీటిగా విడిచిపెట్టును. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల యెత్తుగల కొట్టములో ఘనమీటరునకు 3 గ్రాములు చొప్పున విడిచినను పావు లీటరునకు మించును. నేలనుండియు తడి వస్తువులనుండియు క్రొత్త ఆవిరి చేరుచుండుటచే రాత్రియంతయు ఇది సాగును.

2. పరీక్ష

వాన లేని తెల్లవారుజామున రేకుల యడుగు భాగమును తడిమి చూడవలెను. అంతటను సమముగా చెమర్చియుండినచో అది ఆవిరి నీరు. వాన కురిసినపుడు మేకులవద్దను అతుకులవద్దను మాత్రమే తడిసినచో అది చిల్లి. పిదప మూరెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును నేలపై పరచి, అంచులను అంటుపట్టీతో మూసి, ఒక పగలు ఒక రాత్రి యుంచవలెను. దాని యడుగున తడి కనిపించినచో నేలయే చెమ్మను పంపుచున్నదని తెలియవలెను.

3. చెమ్మ రాకను తగ్గించుట

ముందుగా ఆవిరి పుట్టుకను అడ్డుకొనవలెను. క్రొత్తగా గచ్చు వేయునపుడు దాని క్రింద దళసరి ప్లాస్టిక్ పొర పరచుట మంచిది. పాత కొట్టమున పనిముట్లను, విత్తనపు బస్తాలను చెక్క బల్లలపై ఎత్తి యుంచవలెను. కడిగిన యంత్రమును వెలుపలనే ఆరనిచ్చి లోనికి తేవలెను. చలికని లోపల పొయ్యి వెలిగించుట తగదు. ఒక లీటరు కిరసనాయిలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా వెలువడును. యూరియా మొదలగు ఎరువులు గాలిలోని తేమను పీల్చుకొనును; వాని పొడి ఇనుముపై పడినచో త్రుప్పు త్వరపడును. కావున ఎరువులను వేఱుగదిలో ఉంచవలెను.

తలుపులు, కిటికీలు ఎండ కాచి గాలి పొడిగానున్న వేళ తెఱచి, మంచు పడకమున్నే మూయవలెను. తెల్లవారుజామున బార్లా తెఱచుట పొరపాటు. బరువైన ఇనుము మెల్లగా వేడెక్కును. వెలుపలి తేమగాలి ముందుగా వెచ్చబడి వచ్చి చల్లని యినుముపై చెమర్చును.

4. కప్పునకు వేడిమి కాపు

ఇంత చేసినను రేకు చెమర్చినచో దానికి కాపు వేయవలెను. రేకుల క్రింద గడ్డినిగాని గోనెలనుగాని కట్టుట పలువురు చేయు తప్పు. ఆవిరి వాని సందులగుండ పోయి చల్లని రేకును తాకి నీరగును. గడ్డి నాని కుళ్లును, రేకు కంటికి కనబడకయే త్రుప్పుపట్టును. కాపు వేడిమిని ఆపినంత మాత్రమున చాలదు, ఆవిరినికూడ ఆపవలెను.

ఇందుకు రెండు మార్గములు కలవు. రేకులపై వెదురు బద్దలు పరచి, వానిమీద తాటియాకు కప్పుట మొదటిది. అప్పుడు రేకు ఆకాశమునకు ఎదురుగా ఉండదు గనుక అంతగా చల్లబడదు. వేసవిలో వేడియు తగ్గును. ఆకు రేకునకు అంటకుండుటకే బద్దలు. నిప్పు భయమున్నచోట ఇది పనికిరాదు. రెండవది, ఆవిరి చొరని నురుగు పలకలను రేకుల యడుగున సందులేకుండ అంటించి, అతుకులన్నిటిని పట్టీతో మూయుట. అతుకు వదలినచోట మరల నీరు పుట్టును. ఇట్టి పలకలలో పెక్కు నిప్పంటుకొనునవి. వెల్డింగు పని జరుగు కొట్టమున కాలని రాతినూలును వాడి, దాని లోపలివైపున ఆవిరి చొరని పొరను కప్పి, నిప్పురవ్వలు తగులకుండ పైన రేకు బిగించవలెను.

పని ముగిసినపిదప ఇనుమును మట్టిలేకుండ తుడిచి, నూనె పూయుట మాత్రము ఏ కప్పు ఉన్నను మానరాదు.

పైని చెప్పిన కొట్టములో నేలను సరిచేసి, తలుపుల వేళ మార్చి, పిదప కప్పునకు కాపు వేసిరి. బొట్లు నిలిచినవి. తారు పూసినవానియందు దోషము లేదని సభ్యులు అతని యెదుటనే ఒప్పుకొనిరి. సంఘపు సొమ్ము వెచ్చించుటకు ముందు ఒక తెల్లవారుజామున రేకును తడిమి చూచియుండినచో, ఆ సొమ్మును, ఆ నిందయు రెండును తప్పియుండెడివి.