ఎముకలో దాగిన సీసము, వృద్ధుల జ్ఞాపకశక్తి



ఒకనాడు తరగతిలో ఒక బాలుడు లేచి, "అయ్యగారూ, మా తాత మా పేరులు మఱచిపోవుచున్నాడు. చిన్ననాడు పెన్సిలు ముల్లు కొఱికినందున సీసము తలకెక్కినదని మా అవ్వ చెప్పుచున్నది. అది నిజమేనా?" అని యడిగెను. ఆ మాటలో కొంత పొరపాటును, కొంత సత్యమును గలవు. ఆ రెంటిని వేఱుచేసి చూపుటకే యీ పాఠము వ్రాయుచున్నాము.

మొదట పొరపాటును చూతము. పెన్సిలులో నుండునది సీసము కాదు. అది బొగ్గుజాతికి చెందిన గ్రాఫైటు. ఇంగ్లండులో అది దొరకిన క్రొత్తలో దానిని సీసమని భ్రమించిరి. ఆ పేరు నేటికిని వదలలేదు. మన మార్కాపురపు పలకయు సీసము కాదు, రాయి. పలకల గనులలో లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులకు చేటు చేయునుగాని, అది వేఱు సంగతి.

ఇక సత్యము. సీసము మన దేశమునకు క్రొత్తది కాదు. శాతవాహన రాజులు సీసపు నాణెములు ముద్రించిరి. మనకు తూర్పున వినుకొండ ప్రక్కనున్న బండలమోట్టులో సీసపు గని త్రవ్వబడెను. మెత్తనిది, సులభముగా కరగునది యగుటచే దీనిని రంగులలోను, బ్యాటరీలలోను వాడిరి. మన దేశమున 2000 సంవత్సరము వఱకును పెట్రోలులో సయితము కలిపిరి. కావున నేటి వృద్ధులలో అనేకులు ఆ పొగను పీల్చి పెరిగినవారే.

శరీరములో చేరిన సీసము ఏమగును? అది కాల్షియము వేషము వేసికొని ఎముకలలో ప్రవేశించును. పెద్దవారి దేహములోని సీసములో నూటికి 90 పాళ్లకు పైగా ఎముకలలోనే యుండును. అచ్చట అది పదుల సంవత్సరములు నిలుచును. వార్ధక్యమున ఎముకలు పలుచబడినప్పుడు అది మరల రక్తములోనికి వచ్చి మెదడును చేరును. అమెరికాలోని బోస్టను నగరమున వృద్ధ పురుషులను పెక్కేండ్లు పరీక్షింపగా, ఎముకలలో సీసము హెచ్చుగా నున్నవారి బుద్ధిశక్తి త్వరగా తగ్గుచున్నట్లు కానవచ్చెను. బాల్యమున చేసిన అప్పును ముసలితనము తీర్చవలసి వచ్చుచున్నదన్నమాట.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందలకొలది జనులు హఠాత్తుగా మూర్ఛిల్లిరి. పరీక్షలలో కొందఱి రక్తమున సీసమును, నికెలును కనబడెను. తరువాత పురుగుమందుల శేషములే ముఖ్యకారణమని చెప్పిరి. సీసము సాధారణముగా అట్లు కేకవేసి రాదు, నిశ్శబ్దముగా వచ్చును. అందుచేతనే దానికి మఱింత భయపడవలెను.

దీనికి వ్యాయామము విరుగుడా? కాదు. ఎంత నడచినను ఎముకలోని సీసము చెమటతో కొట్టుకొనిపోదు. అయినను నడకవలన రెండు మేళ్లు కలవు. ఒకటి, ఎముకల క్షయము నెమ్మదించును. రెండవది, మెదడు బలపడును. మెదడులో సముద్రపు గుఱ్ఱమువంటి ఆకారముగల హిప్పోకాంపస్ అను భాగము జ్ఞాపకమునకు ముఖ్యస్థానము. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 120 మంది వృద్ధులను రెండు జట్లుగా చేసిరి. వారమునకు మూడు దినములు 40 నిమిషములు చొప్పున ఒక సంవత్సరము నడచినవారిలో ఆ భాగము నూటికి 2 పాళ్లు పెరిగెను. ఒళ్లు సాగదీయుట మాత్రమే చేసినవారిలో అది తగ్గెను.

కావున ఈ నాలుగు మాటలు మఱువకుడు. పాత రంగును గీకునప్పుడు పిల్లలను దూరముగా నుంచుడు. నేలను తడిగుడ్డతో తుడువుడు. పాత బ్యాటరీలను ఇంటి ముంగిట పగులగొట్టనీయకుడు. ఇత్తడి పాత్రకు కళాయి వేయించునప్పుడు శుద్ధమైన తగరమే వాడుమని యడుగుడు. తగరములో సీసము కలిసినచో చింతపండు పులుసు దానిని లాగివేయును. రాగులు, మునగాకు తినుడు. కాల్షియము, ఇనుము చాలని దేహము సీసమును హెచ్చుగా పీల్చుకొనును.

తలిదండ్రులకొక విన్నపము. పెద్దలకు మఱపు వచ్చినచో "ముసలితనము" అని యూరకుండకుడు. సీసమే కారణమనియు నిశ్చయింపకుడు. బి12 విటమిను లోపము, థైరాయిడు వ్యాధి మొదలగు కారణములకు చికిత్స కలదు. వైద్యునికి చూపుడు.

ఆ బాలునికి మేము చెప్పినదిదియే: "నాయనా, పెన్సిలును నిందింపకుము. రేపు ఎండ రాకముందే తాత చేయి పట్టుకొని చెఱువుగట్టు వెంట నడువుము. దారిలో ఆయన చిన్ననాటి సంగతులడుగుము." దేవుడు మనకిచ్చిన పెద్దలు కొంతకాలమే మనయొద్ద నుందురు. వారు మన పేరులు మఱచినను, మనము వారి చేయి విడువరాదు.