కొత్త ఏటీవీ మలుపు తిరగదేం?

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా బైకు నడుపుతున్నా. ఈమధ్యే ఏటీవీ (ఎగుడుదిగుడు నేలల్లో నడిచే నాలుగు చక్రాల బండి) కొన్నా. మొదటిరోజే మామిడితోటలో మలుపు తిప్పబోతే నేరుగా గట్టెక్కింది. లోపం బండిదా, నాదా?
– ఒక రైతు, తంబళ్లపల్లె

జవాబు: లోపం బైకు అలవాటుది. బైకు మలుపులో వాలుతుంది, ఏటీవీ వాలదు. పైగా చాలా మోడళ్లలో వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతూ బండిని ముందుకే నెడతాయి. నడిపేవారు ముందే వేగం తగ్గించి, మలుపు లోపలివైపుకు ఒరగాలి.

తడబడితే కాలు కింద పెట్టకూడదు. వెనక చక్రం పాదం మీదికెక్కుతుంది.

యాక్సిలరేటర్ చాలా బళ్లలో బొటనవేలితో నొక్కేది. గతుకుల్లో వేలు అదిరితే బండి ఎగిరిపడుతుంది. టైర్లలో గాలి కూడా తక్కువే, చాలావాటికి 5–7 పీఎస్ఐ. పంక్చర్ షాపులో కారు టైరులా 30 కొట్టిస్తే ప్రమాదం.

మల్లయ్యకొండ వైపు రాళ్ల నేలల్లో ఎగువకు వెళ్లేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి వంగాలి. వాలుకు అడ్డంగా నడిపితే బోల్తా పడొచ్చు. మొదట్లో ఈ బోల్తా ముప్పు ఇంకా ఎక్కువ: 1970లో హోండా తెచ్చిన యూఎస్90 ఏటీవీకి మూడే చక్రాలు. ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికాలో కొత్త మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆగిపోయింది.

ఇక మదనపల్లె మార్కెట్‌కు మీ ఏటీవీ మీదే వెళ్లాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. మనదేశంలో పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 570కి ట్రాక్టర్ తరగతిలో ఆ వెసులుబాటు దొరికింది. మిగతావి చాలావరకు తోటలకే పరిమితం.