ధరలు పడిన కాలమున గృహాదాయము: డెల్టా, మెట్ట సీమల తారతమ్యము

వానలు లేక పంట చెడిన యేట ఎవరి యాదాయ మెంత తగ్గినదో పొలము చూచి చెప్పవచ్చును. పంట పండియు ధర పడిపోయిన యేట అట్లు చెప్పుటకు వీలులేదు. గాదెలు నిండియుండును, చేతిలో మాత్రము కిస్తీకి చాలినంత రొక్క ముండదు. అట్టి కాలమునే ఆర్థిక మాంద్య మందురు. ఇది దేశమంతటికి నొక్కటియే యైనను, దాని దెబ్బ యన్ని సీమలకు నొక్కరీతిగా తగులదు. ఈ సంగతి నెఱుగక పరపతి సంఘములు అందఱికి నొకే వాయిదాను విధించినచో కష్టించి పనిచేయు సభ్యుడు సయితము బాకీదారు డగును.

దీనికి నిదర్శనము మన తెలుగుసీమలోనే కలదు. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలెను. ఆ పట్టణ మెక్కడ, మన కొఱ్ఱచేను లెక్కడ! అయినను కొలది యేండ్లలో మదరాసు రాజధానియందు వడ్ల ధర యించుమించు సగమునకు దిగెను; వేరుశనగ, ప్రత్తి ధరలును కూలెను.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనది మొదలు డెల్టా రైతు వడ్లమ్మి జీవించువా డయ్యెను. అతడు చెల్లింపవలసిన శిస్తును, భూమి కొనుటకై చేసిన యప్పుపై వడ్డీయు రొక్కములే. 1937 వఱకు బర్మా హిందూదేశములో భాగమే గనుక అచ్చటి చౌక బియ్యము సుంకము లేకయే మన రేవులకు వచ్చి యిచ్చటి ధరను మఱింత దించెను. ఇది చాలనట్లు, కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తును రూపాయికి 3 అణాల చొప్పున పెంచు ప్రయత్నము ఆ రోజులలోనే జరిగెను, ఎన్.జి. రంగాగారు మున్నగువారు దాని నెదిరించి రైతులను కూడగట్టిరి.

ఇప్పు డొక ఊహాలెక్క వేయుదము. సేద్యపు ఖర్చులను ప్రస్తుతము విడిచిపెట్టుదము. డెల్టా కుటుంబ మొకటి బస్తా 5 రూపాయల చొప్పున 100 బస్తాల వడ్లమ్మి 500 రూపాయలు తెచ్చుకొనెననుకొనుడు. శిస్తు, వడ్డీలు 220. మిగులు 280. ధర సగమైన యేట వచ్చునది 250. చెల్లింపవలసినది మాత్రము ఆ 220 యే. మిగులు 30. ధర పడినది సగమే, మిగులు పడినది తొమ్మిదవ వంతునకు!

మెట్ట కుటుంబమును చూడుడు. యర్రగొండపాలెము, మార్కాపురము ప్రాంతములు అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి. కంభము చెరువు క్రింది మాగాణివంటి కొన్ని చోట్లు తప్ప తక్కినది వానమీది సేద్యము. కొఱ్ఱలు, జొన్నలు, సజ్జలు ఇంట తినుటకే. అమ్మనివానికి ధర పడిన నేమి, పెరిగిన నేమి? వేరుశనగ, ఆముదము, నెయ్యి, గొఱ్ఱెలు అమ్మి 120 రూపాయలు వచ్చిన దనుకొనుడు. బాకీలు 40, మిగులు 80. ధరలు సగమైన 60లో 40 పోగా 20. తొమ్మిదవ వంతు గాదు, నాలుగవ వంతు నిలిచినది, తిండిగింజలు చెక్కుచెదరలేదు.

దీనినిబట్టి మెట్టవాడు సుఖపడెనని తలంపరాదు. ఆ 20 రూపాయలతో ఎద్దు చచ్చిన ఎద్దును కొనలేడు, మఱుసటి యేడు వాన తప్పిన గింజలును కొనలేడు. పడిన దెబ్బ డెల్టావానికి పెద్దది. తట్టుకొను బలము మెట్టవానికి తక్కువ. ఈ రెండును వేఱువేఱు కొలతలు. పొలము లేని కూలివాని లెక్క యింకొకటి: గింజలు కూలిగా పుచ్చుకొనువానికి తిండి జరుగును, రొక్కము పుచ్చుకొనువానికి వస్తువులు చౌకయైనను పని దొరకు దినములు తగ్గును.

ఇంకొక భ్రమ కలదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిన పిమ్మట బంగారు ధర పెరుగగా రైతుల యిండ్లలోని నగలు రాసులుగా అమ్ముడై విదేశములకు పోయెను. నగ యమ్మగా వచ్చిన రూపాయిని ఆదాయముగా వ్రాసికొనరాదు. అది కుటుంబపు మూలధనము కరగుట. అప్పుల లెక్క యీ సంగతిని తేటపఱచును. మదరాసు రాజధాని గ్రామఋణము 1930లో సుమారు 150 కోట్లనియు, 1935లో సత్యనాథన్ గారి విచారణలో సుమారు 200 కోట్లనియు అంచనా. ధర సగమగుటచే పాత బాకీ తీర్చుటకు రెట్టింపు బస్తాలు కావలసివచ్చుట దీనికి మీదు.

1938 నాటి ఋణవిముక్తి చట్టము 1932 అక్టోబరు 1కి పూర్వపు రైతుఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని రద్దుచేసెను. కాని సహకార సంఘముల బాకీలు దానినుండి మినహాయింపబడెను. కాబట్టి సంఘపు టప్పు విషయమున జాగ్రత్త యిచ్చునాడే పడవలెను.

2020లో చక్రము మఱియొక వైపు తిరిగెను. ఆ యేటి ఏప్రిలు, మే, జూను మాసములలో దేశపు టుత్పత్తి అంతకు ముందటి యేటికంటె సుమారు నాలుగవ వంతు తగ్గగా వ్యవసాయము మాత్రము స్వల్పముగా పెరిగెను. డెల్టాలో మద్దతు ధరకు వడ్ల కొనుగోలు సాగెను. పట్టణపు కూలిడబ్బుపై సంసారము నడుపు మెట్ట కుటుంబములు ఆ సొమ్ము నిలిచి తల్లడిల్లెను. నాడు మెట్టను కాపాడినది రొక్కముతో సంబంధము తక్కువగుట. ఆ సంబంధ మిప్పుడు పెరిగినది.

కావున సభ్యులు ఋణపు దరఖాస్తుతో నాలుగు సంగతులను వేఱువేఱుగ వ్రాసి యిచ్చుట మేలు: ఇంట తినుటకు వచ్చు గింజలు, అమ్మి తెచ్చు రొక్కము, వలస కూలిసొమ్ము, ధరతో నిమిత్తము లేక తీర్చి తీరవలసిన బాకీలు. షావుకారు ఈ లెక్కను మన నడుగకయే వేసికొనును. సంఘ మేల వేయకుండవలెను? అమ్మకపు రొక్కము సగమైనను కడపటి పద్దును మించుచున్నదా యని పంచాయతీదారులు చూడవలెను. మించనిచో ఋణము తగ్గించుటయో, వాయిదాను రెండు పంటల కాలమునకు పెంచుటయో చేయవలెను. వేరుశనగ రైతునకు కాయ యమ్ముడగు నెలకు ముందు గడువు పెట్టరాదు.