హ్యూగో బహుమానము – పాఠకుల తీర్పు

కొంతకాలము క్రిందట మేము ఎనిమిదవ తరగతి విద్యార్థులచేత కథలు వ్రాయించి, వానిలో నుత్తమమైనదానిని వారినే యెన్నుకొనుడని చెప్పితిమి. చేతులెత్తుడనగా బల్లవరుసలుగా చేతులు లేచినవి. కథలన్నియు చదివినవారెవరని విచారింపగా నలుగురైదుగురికంటె నెక్కువలేరు. తీర్పుచెప్పు అధికారమును పాఠకులకిచ్చుట యెంత కష్టమో ఆ దినమున మాకు తెలియవచ్చినది. ఇట్టి పనినే 1953వ సంవత్సరము మొదలు నడుపుచున్న యొక మహాసభను గూర్చి యిచ్చట వివరింతుము.

శాస్త్రజ్ఞాన మాధారముగా, ఇంకను జరుగనిదానిని జరిగినట్లూహించి వ్రాయు కథలకు శాస్త్రకల్పనలని పేరు. 1884లో లక్సెంబర్గు దేశమున జన్మించి అమెరికాకు వలసపోయిన హ్యూగో గెర్న్స్‌బాక్ అను నతడు 1926 ఏప్రిలులో అట్టి కథలకొరకే 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికను స్థాపించెను. అందు పాఠకుల యుత్తరములను వారి చిరునామాలతోకూడ ప్రకటించుచు వచ్చెను. ఇది స్వల్పవిషయమువలె తోచును గాని, మహాసభకు బీజము దీనియందే యున్నది. పాఠకులు ఒకరికొకరు జాబులు వ్రాసికొనిరి, సంఘములు కట్టిరి, స్వంతముగా చిన్న పత్రికలు వెలువరించిరి. తుదకు 1939 జులై 2వ తేదీన సుమారు రెండువందలమంది న్యూయార్కు నగరమున సమావేశమైరి. అదియే మొదటి ప్రపంచ శాస్త్రకల్పన మహాసభ. కథలయందు భవిష్యత్తును చూచువారికిని వర్తమానమున కలహములు తప్పలేదు. ఆ సభలోనికి ఆరుగురు యువకులను రానీయక ద్వారముకడనే యాపివేసిరి. యుద్ధకారణమున 1942 మొదలు 1945 వరకు సభలు జరుగలేదు.

1953లో ఫిలడెల్ఫియా సభయందు మొదటిసారి బహుమానము లిచ్చిరి. నవలకు బహుమతి ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ రచించిన 'ది డిమాలిష్డ్ మ్యాన్' గ్రంథమునకు లభించెను. ఇచ్చునది ధనము కాదు, రాకెట్టు ఆకారముగల ప్రతిమ. గెర్న్స్‌బాక్ పేరిట దానికి హ్యూగో యని పేరు వచ్చినది. 1954లో ఈయలేదు, 1955 నుండి ఏటేట నిచ్చుచున్నారు.

ఇందు పండితుల సంఘము తీర్పుచెప్పదు. రుసుము చెల్లించి సభ్యుడైన యే పాఠకుడైనను, సభకు పోకయే, ఇంటనుండి వోటు వేయవచ్చును. అతడు ఒక్క పేరు గాక, తన యిష్టానుసారముగా ఒకటి, రెండు, మూడు అని వరుస వ్రాయును. లెక్కించు పద్ధతిని విద్యార్థులు పలకమీద వేసి చూడవలెను. నూరు వోట్లలో మొదటి కథకు 40, రెండవదానికి 35, మూడవదానికి 25 వచ్చినవనుకొందము. సగముకంటె నధికముగా దేనికిని రాలేదు గనుక మూడవదానిని తొలగింతురు. ఆ 25 మందిలో 20 మంది తమ రెండవ స్థానమును రెండవ కథకును, ఐదుగురు మొదటి కథకును ఇచ్చియున్నయెడల, లెక్క 55కు 45 అగును. మొదట వెనుకబడిన కథయే గెలిచినది! వోటు కాగితముపై 'బహుమానము వలదు' అను పంక్తియు నుండును. ఏదియు యోగ్యము కాదని తలచువారు దానినే ముందు గుర్తింపవచ్చును.

ఆ పంక్తి బలము 2015లో బయల్పడినది. కొందరు ముందుగా జాబితాలు ప్రకటించి, తమవారందరు అవే పేర్లు ప్రతిపాదించునట్లు చేసిరి. మా తరగతిలోని బల్లవరుసలే యచ్చటను! స్పోకేన్ నగరపు సభలో సభ్యులు ఐదు విభాగములయందు 'బహుమానము వలదు' అనియే తీర్పిచ్చిరి. ఆ యేడే నవలా విభాగమున చీనా రచయిత లియూ సిషిన్ వ్రాసిన 'త్రీ బాడీ ప్రాబ్లం' ఆంగ్లానువాదము గెలిచెను. అనువాద నవలకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. 2017 నుండి ప్రతిపాదనలను లెక్కించు పద్ధతిని మార్చి, జట్టుగా నొకే జాబితా పంపువారి బలమును తగ్గించిరి.

అయినను వోటరులు నీతిపరులైనంత మాత్రమున చాలదు. లెక్కించువారును అట్టివారై యుండవలెను. 2023లో చీనా దేశమున చెంగ్డు నగరమందు జరిగిన సభకు సంబంధించిన లెక్కలు 2024 జనవరిలో వెలువడినవి. తగినన్ని ప్రతిపాదనలు వచ్చియు ఆర్. ఎఫ్. క్వాంగ్ రచించిన 'బేబెల్' మున్నగునవి అనర్హములని తొలగింపబడి యుండెను, కారణము చెప్పలేదు. పాఠకుల యాగ్రహమునకు మితిలేదు. ఆ సంస్థలో కొందరు పదవులు వదలుకొనిరి. అదే యేట గ్లాస్గో సభవారు ఓట్లను పరిశీలించి, 377 వోట్లు కపటమైనవని గుర్తించి కొట్టివేసిరి. ఫలితములు వెలువడుటకు ముందే, జులై మాసమున, ఆ సంగతిని లెక్కతోకూడ సభ్యులందరికి ప్రకటించిరి.