పెరటి పుంజు – పొరుగువారి నిద్ర

కోరుకొండ వంటి ఊళ్లలో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. తెల్లవారుజామున పాలు పితికే మనకు పుంజు కూత గడియారం వంటిది. పక్కింటి బాలింతకు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారికి అదే పెద్ద బాధ. ఇటువంటి చిన్న తగవే ముదిరితే పాలకేంద్రం వద్ద కూడా ఎడమొహం, పెడమొహం అవుతుంది.

పుంజు వెలుతురు చూచి మాత్రమే కూయదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పుంజులను నిరంతరం మసక వెలుతురులో ఉంచి పరిశీలించారు. అయినా అవి వేళకే కూశాయని 2013లో ప్రకటించారు. అనగా గడియారం దాని ఒంట్లోనే ఉన్నది. వెలుతురు, పక్క పుంజు కూత దానిని మరింత రేపుతాయి. కనుక కూతను పూర్తిగా ఆపలేము, తగ్గించగలము.

సభ్యులు పాటించవలసినవి:

1. గుడ్లకు మాత్రమే అయితే పుంజు అక్కరలేదు. పిల్లలు కావాలంటే పది పెట్టలకు ఒక పుంజు చాలు.

2. గూడును పొరుగువారి పడకగదికి దూరంగా పెట్టండి. పశువుల మేతతొట్టి పైన మాత్రం వద్దు. రెట్ట మేతలో పడుతుంది.

3. రాత్రి వీధిదీపం వెలుగు పడకుండా గోనెపట్టా కప్పండి. గాలికి సందు వదలండి. కోడికి చెమట పట్టదు. వేసవి ఉక్కలో చచ్చిపోగలదు.

4. మెడకు తాడు, పట్టీ బిగించవద్దు. ఊపిరాడదు.

అన్నిటికంటె ముందు, పొరుగువారు ఫిర్యాదు చేసేదాకా ఆగక మనమే వెళ్లి అడుగుదాం. పుంజును మార్చుకోవచ్చు, పొరుగును మార్చుకోలేము.