తెరమీది అంగడి

అంగడిలో వస్త్రం అమ్మేవాని మాట సగం పని మాత్రమే చేస్తుంది. తక్కిన సగం కొనేవారి వేళ్లు చేస్తాయి. గృహిణి చీర మడత విప్పి, అంచు తడిమి, వెనుకవైపు తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, ఆ పిమ్మట ధర అడుగుతుంది. అంతర్జాలంలోని అంగడిలో ఈ అవకాశం లేదు. అక్కడ ఒక ఛాయాచిత్రం, దాని క్రింద నాలుగు వాక్యాలు ఉంటాయి. వేళ్లు చేయవలసిన పనిని ఆ నాలుగు వాక్యాలే చేయాలి. వ్యాపార సంస్థల వెబ్‌సైట్ల కొరకు చేసే రచన యావత్తూ ఈ అవసరం నుండి పుట్టినదే.

భూదాన్ పోచంపల్లిని ఉదాహరణగా గ్రహిద్దాం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊరు 1951లో వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికిన చోటు. ఇక్కత్ నేతకు పెట్టింది పేరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించింది. వస్త్రం నేసిన తరువాత రంగులద్దడం వేరు, ఇక్కత్ వేరు. ఇక్కడ నూలుపోగులకు ముందే బిగువుగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. అలా సిద్ధమైన నూలు మగ్గమెక్కిన తరువాతనే పువ్వో, చిలుకో, ఏనుగో ఆకృతి దాలుస్తుంది. పడుగు, పేక రెండింటికీ ఇలా కట్లు కట్టి నేసే రకంలో రెండు దారాల రంగులూ ఒకే చోట కలవాలి. ఇంత శ్రమకు పోటీగా అదే నమూనాను మరమగ్గపు గుడ్డపై అచ్చు వేసి చాలా తక్కువ ధరకు అమ్ముతున్నారు. ఛాయాచిత్రంలో రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. నేతగాని జీవనోపాధికి ముప్పు ఇక్కడే ఉంది.

ఇటువంటి నేత కుటుంబం ఒకటి వెబ్‌సైటు ప్రారంభించదలచిందనుకొందాం. మొదట తోచే వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది: “అత్యుత్తమ నాణ్యత, అపురూపమైన డిజైన్లు, అందుబాటు ధరలు.” అచ్చు చీరల వ్యాపారి ఈ వాక్యాన్ని ఒక్క అక్షరమైనా మార్చకుండా తన పుటలో పెట్టుకోవచ్చు. పోటీదారునికి కూడా సరిపోయే పొగడ్త నేతగానికి ఏ మేలూ చేయదు. దాని స్థానంలో ఈ వాక్యాలను ఉంచి చూడండి: “ఈ చీర పడుగూ పేకా పట్టునూలే. నూలుకు కట్లు కట్టి రంగు వేసిన తరువాత నేశాం. కనుక పువ్వుల అంచులు గీత గీసినట్లుండవు, కొద్దిగా చెదిరినట్లుంటాయి. చీరను తిప్పి చూస్తే వెనుకవైపు కూడా రంగు నిండుగానే ఉంటుంది.” ఇందులో విశేషణాలు దాదాపు లేవు. అయినా అచ్చు చీరల వ్యాపారి దీనిని నిజాయితీగా వాడుకోలేడు. అంతేగాక, అంచుల చెదురును లోపమని భ్రమించి చీరను వాపసు పంపే కొనుగోలుదారుకు ముందుగానే సమాధానం దొరికింది. లోపంగా తోచేది నేతకు సాక్ష్యమైంది.

వాక్యార్థ బోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు అవసరమని మన శాస్త్రకారులు చెప్పారు. ఒక పదం వినగానే మరొక పదం వినాలనే కోరిక కలగడం ఆకాంక్ష. వాక్యానికి చెప్పిన ఈ లక్షణాన్ని వెబ్ పుటకు అన్వయించడం కొంత సాహసమే అయినా, ప్రయోజనం కలదు. ధర చూడగానే “రవిక గుడ్డ అందులోనే ఉందా?” అనే ప్రశ్న పుడుతుంది. రంగు చూడగానే “ఉతికితే వెలుస్తుందా?” అనే సందేహం కలుగుతుంది. ఆ సమాధానం ప్రశ్న పుట్టినచోటనే ఉండడం సన్నిధి. ఎక్కడో అడుగున, నాలుగో పుటలో ఉంచితే చదువరి అంతదాకా రాడు. ఇక యోగ్యత అంటే పదార్థాలకు పరస్పరం పొసగడం. నిప్పుతో తడుపుతున్నాడు అనడం అయోగ్యానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. “మరమగ్గంపై నేసిన అచ్చమైన చేనేత” అనే ప్రకటన దానికి తమ్ముడు వరస.

తెరమీద చదివేవారి తీరును కూడా గమనించాలి. 1997లో జాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ జరిపిన పరిశీలనలో నూటికి 79 మంది కొత్త పుటను పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి పదమూ చదివినవారు 16 మందే. కనుక కుటుంబ చరిత్రతో ఆరంభించరాదు. వస్తువేమిటో మొదటి వాక్యంలోనే తెలియాలి. తాతముత్తాతల కథకు వేరొక పుట చాలు. కొనేవారు వెదికే మాటలనే వాడడం మరొక జాగ్రత్త. “కౌశేయ వస్త్రం” అని వెదికేవారు అరుదు. “పోచంపల్లి పట్టు చీర” అని వెదికేవారే అధికం. ముఖ్యమైన వివరాలను బొమ్మలో భాగంగా కాక అక్షరాలుగా వ్రాయాలి. బొమ్మలోని మాటలను వెదికే యంత్రాలు గుర్తించకపోవచ్చు. చూపులేనివారికి పుటను చదివి వినిపించే సాధనాలకు కూడా ఆ ఇబ్బంది కలుగుతుంది.

కావ్యంలో అతిశయోక్తి అలంకారం. అంగడిలో అది నేరం కాగలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నూలు కలిసిన చీరను శుద్ధ పట్టు అనడం ఈ కోవలోనిదే. 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమాల మేరకు మొత్తం ధర, వాపసు పద్ధతి, సంస్థ చిరునామా, ఫిర్యాదులు స్వీకరించే అధికారి పేరు చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి. ఈ వివరాలను చిన్న అక్షరాలలో దాచే వ్యాపారులున్నారు. ముఖం తెలియని వానికి ముందుగా డబ్బు పంపే మనిషి మొదట వెదికేది వాటినే అన్న సంగతి వారు మరచిపోతారు.

వ్రాసిన పుటను అప్పుడప్పుడు సరిచూడాలి. సంక్రాంతి తగ్గింపు ధరలు శ్రావణమాసంలో కూడా మెరుస్తుంటే అంగడి మూతపడిందని చదువరి అనుకుంటాడు. అమ్ముడైన చీర పుటను తొలగించనక్కరలేదు. “ఈ చీర అమ్ముడైంది. ఇదే నమూనాను మీరు కోరిన రంగులో నేసి ఇవ్వగలం” అని వ్రాసి, నూలు కట్టడం మొదలు మగ్గం దిగేవరకు పట్టే రోజుల లెక్క చెప్పవచ్చు.